మాట ఆగిన ల్యాప్‌టాప్

ఆ పొద్దున జునైద్ ల్యాప్‌టాప్ నోరు విప్పలేదు. మీట నొక్కితే ఫ్యాను తిరుగుతోంది, అంతే. రాత్రి అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయింది. బ్యాటరీ ఎప్పుడో పాడైంది. లోపలి సిస్టమ్ చెడిందని అతనికి అర్థమైంది.

జునైద్ జనగామలో వకీలు. పదో తరగతిలో చూపు పోయింది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే గొంతును నమ్ముకొనే న్యాయశాస్త్రం చదివాడు, కేసులు నడుపుతున్నాడు. ఆ రోజు బచ్చన్నపేట సోమక్క కేసు ఉంది. ఆమె పత్తి చేనుకు పోయే బాటను పక్క చేనాయన కంచె వేసి మూయబోతే కోర్టు స్టే ఇచ్చింది. దాని గడువు ఆ రోజుతో సరి. పొడిగించమని వాదించాలి. కాగితాల కట్ట బీరువాలో ఉంది గానీ, అతను చదవగలిగేదంతా ల్యాప్‌టాప్‌లోనే ఉంది. భార్య నిషాత్ రఘునాథపల్లి దవాఖానలో నర్సు, పొద్దున్నే డ్యూటీకి పోయింది. రిపేరు షాపాయనకు ఫోన్ చేస్తే, "సాయంత్రం చూస్త సార్" అన్నాడు.

ఇక మిగిలింది పెన్‌డ్రైవ్. భూపాలపల్లిలో ఉండే దోస్తు కహ్కషాన్ అందులో కొత్త సిస్టమ్ పెట్టి ఇచ్చింది. ఆమెకూ చూపు లేదు. "ఎవరి కండ్లు అక్కర్లేదు. మొదలైనప్పుడు బీప్ అంటది. ఎస్ కొట్టి ఎంటర్ నొక్కు. ఆడికెల్లి అదే చదివి చెప్తది" అని నేర్పింది. ఒంటరిగా జునైద్ ఎన్నడూ చేయలేదు. ఇప్పుడేమో ఆమె ఫోన్ ఎత్తడం లేదు.

పెన్‌డ్రైవ్ పెట్టి మీట నొక్కి, తెర మీది జాబితాలో దాన్ని ఎంచుకోవడానికి బాణం మీట కొట్టాడు. బీప్ రాలేదు. మళ్ళీ చేశాడు, రాలేదు. బాణం మీట ఒకసారి ఎక్కువ కొడుతున్నానేమో అనిపించి తగ్గించాడు. ఈసారి బీప్ మోగింది. ఎస్, ఎంటర్. చెవి ఒగ్గి కూర్చుంటే ఒక గరుకు గొంతు ఇంగ్లీషులో భాష ఎంచుకొమ్మంది.

అప్పుడే వాకిట్లో చెప్పుల చప్పుడైంది. "సారూ, పోదామా?" సోమక్క.

"జర కూసో అవ్వా. మిషిన్ బాగుచేస్తున్న."

ఆమె అరుగు మీద కూర్చుంది. గొంతు ఒక్కొక్కటే అడుగుతోంది, జునైద్ జవాబిస్తున్నాడు. చివరికి కొత్త సిస్టమ్ ఎక్కించడానికి ఏ డిస్కును తుడిచెయ్యాలో అడిగింది. లోపల రెండు ఉన్నాయి. చిన్నదాంట్లో చెడిపోయిన సిస్టమ్, పెద్దదాంట్లో కేసులన్నీ. బాణం మీట కిందికి నొక్కాడు. గొంతు సగం మాట పలికి ఆగిపోయింది.

పైకి నొక్కాడు, కిందికి నొక్కాడు. చప్పుడు లేదు. ఇప్పుడు దేని మీద ఉన్నాడో తెలియదు.

"అవ్వా, జర ఈడికి రా. ఏం కనబడుతుంది?"

ఆమె వంగి చూసింది. "రెండు వరుసలున్నయ్ సారు. ఒకటి ఎర్రగున్నది."

"పైదా, కిందిదా?"

"కిందిది. అండ్ల ఏందో రాసున్నది, నాకు సదువు రాదు. ఎర్రదాన్నే ఒత్తాల్నేమో."

జునైద్ వేలు ఎంటర్ మీదే ఉంది. కోర్టు వేళ దగ్గరపడుతోంది. ఒక్కసారి నొక్కితే పని ముందుకు సాగుతుంది. లేదా అంతా పోతుంది. మెల్లగా వేలు తీశాడు.

"అవ్వా, నీకు దాస్తే మంచిగుండదు. నేను తప్పు నొక్కితే నీ కేసుది ఏదీ మిగలదు. నీదే కాదు, అందరియి."

సోమక్క తెర దగ్గర్నుంచి జరిగింది. "చూపున్న వకీలును పెట్టుకొమ్మని మావోళ్ళు అన్నరు సారు" అంది. "నేనే ఇనలే. గిప్పుడేం చేస్తవ్?"

ఆ మాట అతనికి గట్టిగానే తగిలింది. "మళ్ళ మొదటికెల్లి చేస్త. వినకుండ ఏదీ నొక్కను."

మీట ఒత్తి పట్టుకొని ఆర్పేశాడు. మళ్ళీ బీప్, మళ్ళీ ఎస్, మళ్ళీ అవే ప్రశ్నలు. డిస్కుల దగ్గరికొచ్చేసరికి గొంతు ఆగుతుందేమోనని భయం. ఆగలేదు. రెండింటి పేర్లూ సైజులూ వినిపించింది. మళ్ళీ మళ్ళీ విన్నాకే చిన్నదాన్ని ఎంచుకున్నాడు. నిజంగా తుడవాలా అని అడిగింది. అవునన్నాడు.

తర్వాత శాతాలు చదువుతూ పోయింది. ఆ కాసేపూ కరెంటు పోతే అంతే. సోమక్క చీర కొంగు నలుపుకుంటూ గుమ్మంలో నిలబడింది. పని పూర్తయి మిషిన్ ఆరి మళ్ళీ వెలిగినప్పుడు చాలాసేపు ఏ మాటా లేదు. జునైద్ స్పీకరుకు చెవి ఆనించాడు. అప్పుడు పలికింది, పాస్‌వర్డ్ అడిగింది.

పెద్ద డిస్కు తెరిచి వెతికాడు. సోమక్క పేరు వినిపించింది. కొత్త గొంతు తెలుగును పొడిపొడిగా, దేశం కాని దేశపు మనిషిలా చదివింది. అయినా చదివింది.

కోర్టులో వాళ్ళ కేసు తిండి వేళ దాటాక పిలిచారు. ఇయర్‌ఫోన్‌లో గొంతు మరీ వేగంగా ఉరుకుతోంది, దాన్ని ఎట్లా తగ్గించాలో అతనికింకా తెలియదు. జడ్జి ఒక తారీఖు అడిగితే దొరక్క తడబడ్డాడు. అవతలి వకీలు లేచాడు. "ఆయన్ను చెప్పనివ్వండి" అంది జడ్జి. జునైద్ వెనక్కి పోయి అదే పేజీని మరోసారి విన్నాడు. తారీఖు దొరికింది. మాట కుదురుకుంది.

బయటికి వచ్చాక సోమక్క అతని మోచెయ్యి పట్టుకుంది. "ఏమన్నరు సారు?"

"వచ్చే వాయిదా దాక బాట మూయద్దన్నరు. అదైనంక ఏమైతదో చెప్పలేను."

"అయితే రేపు పత్తి బండి ఆ బాటెంబడే తోల్కపోవచ్చునా?"

"పోవచ్చు అవ్వా."

ఇద్దరూ మెట్లు దిగారు. ఇడ్లీ బండి దగ్గర ఆగి, "పొద్దటిసంది ఏం తినలే నువ్వు" అని ఆమె ఒక ప్లేటు అతని చేతిలో పెట్టింది.