గోడ వెంట కడ్డీ

నేను ఒక డ్రిల్లు మిషన్ని. గోడలకు కన్నాలు వేయడం నా పని. ఎక్కడ తయారయ్యానో నా అట్టపెట్టె మీద రాసి ఉండేది. అది చినిగిపోయాక నాకూ గుర్తు లేదు. తాడేపల్లిగూడెంలో ఒక హార్డ్‌వేర్ దుకాణం అద్దాల బీరువాలో కూర్చుని ఉండగా సూర్యచంద్రరావు నన్ను కొనుక్కున్నాడు.

ఆయన ఎరువుల కొట్టులో గుమస్తా. పని కన్నా సలహా ఎక్కువ. ఎదురింటి బేబమ్మ ఫోను నీళ్ళలో పడితే బియ్యం డబ్బాలో పెట్టమన్నాడు. ఫోను బతకలేదు సరికదా, ఛార్జింగు కన్నంలో నూక ఒకటి ఇరుక్కుంది.

"కొత్త బియ్యం పెట్టుంటారండి. పాతవైతేనే తడి పీలుస్తాయి" అన్నాడాయన.

నాతో ఆయన మొట్టమొదట బిగించిన అర మీద నిమ్మకాయ పెడితే దొర్లి కింద పడింది. గోడే వంకరగా కట్టారని తేల్చాడు. భార్య సత్యవేణి నవ్వి, దొర్లనివన్నీ ఏరి ఆ అర మీద సర్దుకుంది. ఆవిడ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది.

ఒక సాయంత్రం ఆవిడ కుట్టు ఆపి, "ఏవండీ, బల్బు చుట్టూ రంగురంగుల వలయం కనిపిస్తోంది. పక్కనున్నవి సరిగా కంటికి ఆనడం లేదు" అంది.

"ఫోను తెగ చూస్తున్నావు. వెలుతురు తగ్గించుకో. ఆ బల్బు కూడా మార్చేస్తాలే" అన్నాడు. అన్నట్టే మార్చాడు. ఆవిడ నమ్మింది.

మనుషుల్లో నాకు అర్థం కానిది ఇదే. మేకు దించేముందు గోడను తట్టి చూస్తారు. మాట అనేముందు ఏదీ తట్టి చూడరు.

నెలలు గడిచాయి. సూదిలోకి దారం ఎక్కడం మానేసింది. ఒకరోజు సత్యవేణి గుమ్మం కనబడక తట్టుకుని పడింది. అప్పుడు కంటి ఆసుపత్రికి వెళ్ళారు. నీటికాసులు, అదే గ్లకోమా, అన్నారట. పోయిన చూపు తిరిగి రాదనీ, ముందే వచ్చుంటే ఇంకొంత నిలిపేవాళ్ళమనీ చెప్పారట. పరామర్శకు వచ్చిన బేబమ్మతో సత్యవేణే ఇదంతా చెప్పింది.

"మరి ముందే చూపించుకోకపోయావా?" అని బేబమ్మ అడిగింది.

"నేనే అశ్రద్ధ చేశాను వదినా."

సూర్యచంద్రరావు వీధి అరుగు మీదే ఉన్నాడు. ఆ మాట విన్నాడు. లోపలికి రాలేదు.

వేసిన చుక్కల మందు మిగిలిన చూపును ఎంతో కాలం ఆపలేదు. అది కూడా పోయాక ఆయన నన్ను బయటికి తీశాడు. మంచం దగ్గర నుంచి వంటగది మీదుగా స్నానాలగది దాకా, ఆవిడ చెయ్యి ఆనించుకుని నడవడానికి గోడ వెంట కడ్డీ బిగించాలని పూనుకున్నాడు. ఎప్పుడూ కంటి అంచనాతోనే కన్నం వేసే మనిషి, ఆ రోజు దారం పట్టి, గీత గీసి, మళ్ళీ కొలిచాడు. గోడలో ఎక్కడో రాయి తగిలింది. ఆయన ఆపకుండా నొక్కాడు. నా కడుపులో తీగ కాలిన వాసన వచ్చింది. మిగతా కన్నాలు ఉలితో కొట్టుకున్నాడు.

బాగుచేయించమని ఎవరూ అడగలేదు. నన్ను అటకెక్కించారు. కింద ఏం జరుగుతోందో ఇక్కడికి వినిపిస్తుంది గానీ, ఆ తర్వాత వినడానికి పెద్దగా ఏమీ లేకపోయింది. ఎవరేం అడిగినా ఆయన, "నాకు తెలీదండి" అనేవాడు. ఇంట్లో అసలు నోరు విప్పేవాడు కాదు.

నిన్న సాయంత్రం సత్యవేణి అంది: "ఏదో ఒకటి మాట్లాడండి. మీరు ఇంట్లో ఉన్నారో, వెళ్ళిపోయారో నాకు తెలియడం లేదు."

కుర్చీ జరిగిన చప్పుడైంది.

"ఇక్కడే ఉన్నాను, వేణీ."

"మళ్ళీ అనండి" అంది ఆవిడ.

ఆయన మళ్ళీ అన్నాడు. గోడ వెంట కడ్డీకి రాసుకుంటూ ఆవిడ గాజులు ఆ గొంతు వైపు కదిలాయి.