హద్దు దగ్గర మూడో మిస్డ్ కాల్

నేను ఒక బటన్ ఫోన్‌ని. నా దగ్గరున్న సరుకు ఒక్కటే, మాట. దాన్ని దూరం మోయడమే నా వ్యాపారం. నాది రెండో తరం, అంటే టూజీ నెట్‌వర్కు, తొమ్మిది వందల మెగాహెర్ట్జ్ బ్యాండు. నా తరంగాలు మోసే బరువు తక్కువ, నడిచే దూరం ఎక్కువ. పై బ్యాండ్లవి బండెడు బొమ్మలు ఎత్తుకుంటాయి, కాస్త దూరానికే ఆయాసపడతాయి. ఈ తేడా తెలిసినవాడు నన్ను చులకన చేయడు. తెలియనివాళ్ళే లోకంలో ఎక్కువ.

కళింగపట్నం రేవులో మైలపల్లి దానయ్య నన్ను కొన్నాడు. సముద్రంలో సిగ్నల్ ఆగిపోయే చోటును ఆ రేవువాళ్ళు హద్దు అంటారు. వేటకు వెళ్ళేటప్పుడు హద్దు దగ్గర ఇంటికి ఒక మిస్డ్ కాల్, తిరిగొచ్చేటప్పుడు రెండు. అదీ ఆనవాయితీ. దానయ్య నంబరు నొక్కి, నన్ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి, వెదురు గెడ కొనకు కట్టి పైకెత్తేవాడు. ఇంటి దగ్గర ఎవరూ ఎత్తరు. రెండోది మోగగానే అతని భార్య ఎర్రమ్మ గంప తీసుకుని ఒడ్డుకు బయలుదేరేది. తొమ్మిదేళ్ళలో ఒక్కటి కూడా నేను ఎగ్గొట్టలేదు.

అయినా ఎర్రమ్మ తమ్ముడు గురవయ్య కంటికి నేను ఆనలేదు. అయిదో తరం ఫోను తెచ్చి బావ చేతిలో పెట్టాడు. అందులోది వేరే కంపెనీ సిమ్ము, ఆ కంపెనీకి రెండో తరమే లేదు. "ఇంకా ఈ సబ్బుబిళ్ళ ఎన్నాళ్ళు మోత్తావు బావా, రేవంతా నవ్వుతన్నారు" అన్నాడు. టార్చికి పనికొస్తానని నన్ను ఇంజను పక్క పెట్టెలో పడేశారు. కొత్తవాడిని మాత్రం గెడకు కట్టనివ్వలేదు, పడిపోతే అద్దం పగులుతుందట. వాడిని అన్నం డబ్బాలో దాచుకుని, మిస్డ్ కాల్ ఒడ్డుకు దగ్గర్లోనే ఇచ్చుకునేవారు.

మూడు వారాలకు, ఒక మధ్యాహ్నం, బావా బావమరిది ఇద్దరూ వేటలో ఉండగా హద్దుకు కొంచెం ఇవతల ఇంజను ఆగిపోయింది. ఒడ్డు నుంచి గాలి. బోటు అవతలికి కొట్టుకుపోతోంది. హద్దు దాటితే ఇక ఎవరికీ ఏమీ చెప్పలేరు. అద్దం సంగతి మరిచి కొత్తవాడిని గెడకు కట్టారు. వాడు అంత ఎత్తునుంచీ చేతులెత్తేశాడు.

అప్పుడు దానయ్య పెట్టె తెరిచాడు. నాలో పాత సిమ్ము అలాగే ఉంది, చార్జింగు అడుగున ఉంది. నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, పైకెత్తాడు. మోగింది. ఎర్రమ్మ ఎత్తలేదు. గెడ దించి మళ్ళీ నొక్కి ఎత్తాడు, మళ్ళీ మోగింది. తిరిగొస్తున్నారనుకుని ఆమె గంప తీసుకుంది. కింద గురవయ్య తల పట్టుకున్నాడు.

దానయ్య మూడోసారి నొక్కాడు. ఆ ఇంట్లో మూడో మిస్డ్ కాల్ అన్నది లేదు. ఎర్రమ్మ గంప దించి ఫోను ఎత్తింది.

"అప్పా, ఇంజను పోనాది," గురవయ్య కింద నుంచి అక్కతో అరిచాడు. "దీపస్తంభానికి ఎదురుగా కొట్టుకుపోతన్నాం. బోటు పంపు."

"పంపుతన్నాను, మీరు గెడ దించకండి" అంది ఆమె. అంతలో నా చార్జింగు అయిపోయింది. అయితేనేం, మాట చేరింది. సాయంత్రానికి రెండు బోట్లు తాళ్ళేసి మమ్మల్ని లాక్కొచ్చాయి.

మర్నాడు గురవయ్యే నన్ను గెడకు కట్టాడు. రెండు ముడులు వేశాడు.

రేపో మాపో రెండో తరాన్ని మూసేస్తారని రేవులో అనుకుంటున్నారు. మూయనీ. నన్ను తూకానికి అమ్మేముందు ఆ కొత్తవాడిని హద్దు దాకా తీసుకెళ్ళి, ఎర్రమ్మ ఇంట్లో ఒక్కసారి మోగించండి. మోగిందా, నేనే తక్కెట్లోకి దిగుతాను.