వస్తోందా, పోతోందా

కళ్లజోడు తుడిస్తే సరిపోతుందేమో, ఆవిరి పట్టి ఉంటుంది, అంతకన్నా ఏముంటుంది, అనుకుంటూ అతను చొక్కా కొసతో అద్దాలు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు, ఆకాశం తేటపడింది కానీ అందులోని విమానం తేటపడలేదు, బారెడు రెక్కల బొమ్మ విమానం అంచులు కరిగిన మచ్చలా తిరుగుతోంది, పక్కన రిమోట్ పట్టుకున్న కొత్త శిష్యురాలు సిటీ బస్సు డ్రైవరు, విమానం ఎటు ఒరిగితే అటు నడుమంతా వంచేస్తుంది, ఒళ్లు కాదమ్మా, వేళ్లు కదలాలి, వేళ్లు, వెనక మడత కుర్చీలో ఆమె అత్తగారు, బస్సుకైతే బ్రేకుంటుంది, దీనికేముందే తల్లీ అని పకపకా నవ్వుతోంది, తనూ నవ్వాలి, నవ్వాడు, ఆమె రిమోట్‌కీ తన రిమోట్‌కీ మధ్య తీగ ఊగుతోంది, తను స్విచ్ నొక్కి ఉంచినంతసేపూ విమానం ఆమెది, వదిలేస్తే తనది, ఈ బొమ్మ విమానాల క్లబ్బులో చేరిన ప్రతివాళ్లకీ మొదటి రోజు తను చెప్పే మాట ఒకటే, భయపడకండి, నేనున్నాను.

కంటి డాక్టరు కూడా ఎంత మెత్తగా చెప్పాడు, నరం ఎండిపోతోందండీ, పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టుకుందాం అని, ఇంటికి రాగానే భార్య గుమ్మంలో చెప్పులు విడుస్తూ, క్లబ్బులో చెప్పేయండి, ఎవరి నెత్తినైనా పడితే, అంది, చెప్తాలే అన్నాడు, చెప్తే ఇంకేం మిగులుతుంది, మాస్టారూ అని ఇంకెక్కడ పిలుస్తారు తనని, ఆఫీసులో ఏనాడూ ఎవరూ పిలవలేదు, అందుకే ఇన్నాళ్లూ చెవులతో నెట్టుకొస్తున్నాడు, మోటారు రొద పెరిగితే వస్తున్నట్టు, తగ్గితే పోతున్నట్టు, ఇవాళ పాడు గాలి ఆ రొదని కూడా చెదరగొడుతోంది.

మాస్టారూ, తీసుకోండి, తీసుకోండి, అరిచిందామె, స్విచ్ వదిలాడు, విమానం తనదైంది, మచ్చ ఒరిగిపోతోంది, ఎటు, వస్తోందా, పోతోందా, పోతుంటే కుడి కుడే, ఎదురొస్తుంటే కుడి ఎడమవుతుంది, ఎంతమందికి నేర్పాడీ పాఠం, కుడికి తోశాడు, తప్పు, మచ్చ ఉన్నట్టుండి రెక్కలై, ముక్కై, ఈల వేస్తూ తల మీదుగా వెనక్కి దూసుకెళ్లి దభేలుమంది, మడత కుర్చీకి జానెడు అవతల మట్టి లేచింది, విరిగిన రెక్క ముసలావిడ ఒళ్లో పడింది.

అందరూ పరుగెత్తుకొచ్చారు, నా వల్లేనండీ, చెడగొట్టి చెడగొట్టి ఆఖర్న మాస్టారి చేతికిచ్చాను అని కోడలు వెక్కుతోంది, కాదమ్మా, నీ తప్పు కాదు, నాకు కనబడలేదు, అన్నాడతను, ఆమె కళ్లు తుడుచుకుంటూ, నన్ను కాపాడ్డానికి అలా అంటున్నారు అంది, క్లబ్బు ప్రెసిడెంటు అతని భుజం తట్టి, మాస్టారి మనసే అంతమ్మా, ఈయన కాబట్టి ఆ మాత్రమైనా తప్పించాడు అన్నాడు, ఔనౌనన్నారంతా, చెప్పాను, వాళ్లే నమ్మలేదు, నేనేం చెయ్యను, హమ్మయ్య అనిపించింది, ఇంకోసారి గట్టిగా చెప్పాలని నోరు తెరిచి మూసుకున్నాడు, హమ్మయ్యేమిటి, అటు ఆవిడ ఇంకా మంచినీళ్ల గ్లాసు పట్టుకోలేక ఒలకబోసుకుంటుంటే, మనిషన్నవాడికి హమ్మయ్య ఎలా వస్తుంది, వచ్చింది, ఇప్పుడే కాదు, విమానం కూలిన ఆ క్షణంలోనే మొదలైంది, అప్పుడు తన తల గిరుక్కున తిరిగింది ముసలావిడ వైపు కాదు, కంచె దగ్గరున్న ప్రెసిడెంటు మొహం వైపు, కనిపెట్టేశాడేమోనని.