విరిగిన బాహువు

మాణిక్యమ్మ బందరులో పాస్టర్లను తయారుచేసే చిన్న బడిలో ఇరవయ్యేళ్లుగా హెబ్రీ భాష చెబుతోంది. ఎవరు కొత్తగా చేరినా ఆమె మొదటి పాఠం బలం గురించే.

"హెబ్రీ లేఖనాల్లో బలం ఒంట్లోనే ఉంటుంది నాయనా. యాద్ అంటే చెయ్యి, అధికారం కూడా అదే. కెరెన్ అంటే కొమ్ము. ఒకడి కొమ్ము పైకి లేచిందంటే వాడికి బలమొచ్చిందని. జెరోవా అంటే బాహువు. అది విరిగిందంటే వాడి పని అయిపోయినట్టే."

ఆమె తమ్ముడు గంగరాజు నాగాయలంక దగ్గర పల్లెలో ఉంటాడు. సముద్రంలో వేటే వాళ్ల బతుకు. పడవలు తిరిగే పాయకు అడ్డంగా నరసింహారావు అనే ఆసామి తన రొయ్యల చెరువు కోసం గట్టు పోయించాడు. ఎన్ని అర్జీలు పెట్టినా ఎవరూ వినలేదు. మాణిక్యమ్మ సెలవులకు వచ్చిన మర్నాడు పొద్దున్నే పల్లెలోని మగాళ్లంతా పారలు పట్టుకుని గట్టు తెంచడానికి వెళ్లారు. మాణిక్యమ్మ కూడా తమ్ముడి వెంట నడిచింది.

అరగంటలో ట్రాక్టరు మీద నరసింహారావు మనుషులు దిగారు. వాళ్లలో ముందున్నవాడు శ్రీహరి, చేతిలో ఇనప రాడ్డు. అందర్నీ చెదరగొట్టి, గంగరాజును బురదలో బోర్లా పడేసి, కుడిచేతిని గట్టు రాళ్ల మీద చాపించి కొట్టాడు. మొదటి దెబ్బకు ఎముక విరిగింది. రెండో దెబ్బకు తోలు చీల్చుకుని బయటికొచ్చింది. అడ్డం వెళ్లిన మాణిక్యమ్మను ఎవడో పొట్టలో తన్నాడు.

అవనిగడ్డ ఆసుపత్రిలో కట్టు వేయించుకుని గంగరాజు అడిగాడు.

"అక్కా, వాడి చెయ్యి విరగ్గొట్టమని మీ లేఖనాల్లో ఉందా?"

ఆమె అబద్ధం చెప్పలేకపోయింది.

"ఉందిరా. దుర్మార్గుడి బాహువు విరగ్గొట్టమన్న ప్రార్థన ఉంది. కాని అడిగింది దేవుణ్ణి."

కేసు పెట్టిన మూడో రోజు మధ్యాహ్నం శ్రీహరి నేరుగా గంగరాజు ఇంటికే వచ్చాడు. గంగరాజు ఇంకా ఆసుపత్రిలోనే ఉన్నాడు; ఇంట్లో అతని భార్య సత్యవతమ్మ పొయ్యి దగ్గరుంది, పక్కనే మాణిక్యమ్మ.

"కేసు వెనక్కి తీసుకుంటారా, రెండో చెయ్యి కూడా తీసెయ్యమంటారా?"

సత్యవతమ్మ నోరెత్తింది. వాడు ఆమె జుట్టు పట్టుకుని మొహాన్ని గోడకేసి కొట్టాడు. ముక్కు పగిలి గోడంతా రక్తమైంది. మాణిక్యమ్మ మూలనున్న రోకలి అందుకుంది. జుట్టు పట్టుకున్న ఆ చేతి మీదే బలంకొద్దీ వేసింది. పచ్చి కట్టె విరిగిన చప్పుడైంది. వాడు కూలబడ్డాక అదే చోట మళ్లీ కొట్టింది. మూడోసారి తల మీదికి ఎత్తింది.

"వదినా, చచ్చిపోతాడు!" అని సత్యవతమ్మ ఆమె నడుము చుట్టేసింది.

రోకలి కింద పడేసి మాణిక్యమ్మ రక్తం పడ్డ చీరతోనే పోలీసు స్టేషనుకు నడిచి వెళ్లి, కొట్టింది నేనేనని చెప్పింది.

బెయిలు వచ్చింది. కేసు తేలేదాకా రావద్దని బడివాళ్లు కబురు పంపారు. గొడవంతా పేపర్లో పడ్డాక అధికారులే వచ్చి గట్టు తీయించారు. పడవలు కదిలాయి, కాని గంగరాజు మోచెయ్యి ఇక సాగదని డాక్టరు తేల్చేశాడు.

వారం పోయాక మాణిక్యమ్మ శ్రీహరి ఉన్న ఆసుపత్రికి వెళ్లింది. వాడికి వాళ్లమ్మ అన్నం కలిపి పెడుతోంది.

"ఇంకా కొట్టాలా?" అన్నాడు వాడు.

"లేదు. నిన్ను కొడుతుంటే నాకు సంతోషమేసింది. ఎవరికీ చెప్పుకోలేకపోయాను. నీకు చెప్పాలని వచ్చాను."

వాడు కట్టు కట్టిన చెయ్యి ఒళ్లోకి జరుపుకున్నాడు.

"నాకూ వేస్తదండీ. కొట్టినప్పుడల్లా."

ముద్ద పట్టుకున్న తల్లి చెయ్యి ఆగిపోయింది.