పెర్పెతూ ముఖం

ఫుల్బేర్ సొంత నాయనమ్మను రువాన్ పట్నంలో వేలానికి పెడుతున్నాడని బట్టలుతికే రేవు దగ్గర పొరుగింటి జెలీ చెప్పిందట. ముసలి మేనత్తను కూడా వెంటబెట్టుకు పోతున్నాడనీ, ధర పలికితే ఆమెనూ అక్కడే వదిలించుకుని వస్తాడనీ నవ్విందట. ఆ మాట చివరికి ఆ మేనత్త హొనొరీన్ చెవినా పడింది. జెలీ చెప్పేదాంట్లో సగమైనా నిజముంటుంది.

వేలానికి పెట్టింది నాయనమ్మ బొమ్మను. నలభై అయిదేళ్ల కింద ఒక చిత్రకారుడు వాళ్ల కొట్టం అటక మీద రెండు వారాలు పడుకుని, తాగిన పాలకు బదులుగా రంగుసుద్దలతో గీసిచ్చిపోయాడు. ఆలుగడ్డల మడిలో వంగిన ఆ నాయనమ్మ పెర్పెతూ, ఎవరో పిలిస్తే తలెత్తినట్టు ఉంటుంది. పిలిచింది కూతురు హొనొరీనే. అప్పుడామెకు పద్నాలుగేళ్లు. మరో రెండేళ్లకు తల్లి పోయింది. ఫొటో అంటూ ఒక్కటీ లేదు.

ఆ చిత్రకారుడు చచ్చాక పేరు మోశాడు. బొమ్మలో మాత్రం ఇప్పుడు ముఖం లేదు. తలగుడ్డ కింద ఉత్త కాగితం.

ఎవరైనా అడిగితే గీసినవాడే అలా వదిలేశాడని చెప్పాలని ఫుల్బేర్ దారిలోనే అత్తకు చెప్పిపెట్టాడు. లేకపోతే పొయ్యి పక్కనున్న ఆమె మంచం తీసేసి, సన్యాసినుల ధర్మసత్రంలో దిగబెడతాడట. వాడి గొంతులో కోపం కూడా లేదు. దూడను సంతకు తోలే సంగతి చెప్పినట్టు చెప్పాడు. ఆ సత్రానికి వెళ్లినవాళ్లు శవపెట్టెలోనే బయటికొస్తారని ఊరందరికీ తెలుసు.

హాలు నిండా తడిసిన కోట్ల వాసన. వేలం వేసే పెద్దమనిషి బొమ్మను పైకెత్తించాడు. ముఖం గీయకపోవడమే ఇందులో గొప్పతనమన్నాడు. ఈమె ఫలానా మనిషి కాదట, ఎవరూ కాదట, మట్టిలో పుట్టి మట్టిలో పోయే ఆడవాళ్లందరూనట. కుర్చీల్లో ఉన్నవాళ్లు తలలాడించారు. ధర ఎక్కుతూ పోయింది.

అంతలో ముందువరసలోని గడ్డపాయన లేచొచ్చి, భూతద్దం పెట్టి చూసి, ఇక్కడేదో చెరిగినట్టుందని గొణిగాడు. పెద్దమనిషి హొనొరీన్ వైపు తిరిగాడు.

"ఈవిడ సాక్షాత్తూ ఆవిడ కూతురు. ఏమ్మా, చిత్రకారుడు ముఖం గీయనే లేదు కదూ?"

హొనొరీన్‌కు పోయినవాళ్లను తలుచుకునే ఆత్మల పండుగ గుర్తొచ్చింది. ఆ రోజు గుళ్లో పునీతుడి ఎముకకు అందరూ వరసలో నిలబడి ముద్దు పెట్టేవాళ్లు. ఆమె ఇంటికొచ్చి, బొమ్మ చట్రం మేకులు ఊడదీసి, అద్దం పక్కన పెట్టేది. అద్దం మీద పెడితే ముద్దు తల్లికి అందదని ఆమె నమ్మకం. పెదాలకు సుద్దరుచి తగిలేది. తుడుచుకోకుండా మింగేది. ఏటా అంతే.

ఫుల్బేర్ ఆమె మోచెయ్యి నొక్కిపట్టుకున్నాడు.

"చెప్పత్తా. గీయలేదని చెప్పు."

హొనొరీన్ పెదాలు తడుపుకుంది.

"గీశాడు. అచ్చం మా అమ్మే. ముద్దులు పెట్టి పెట్టి నేనే తినేశాను."