తమ్ముని నెత్తురు

శరత్కాల ప్రభాతమున మంచుతెర వీడకమున్నే వీథి పొడవునను బరచిన పడుగుల నిలువుపోగులమీద గంజితడి మెరయుచుండగా మగ్గముల సవ్వడి యింటింట మేలుకొనుచుండెను. ఆ నేతగాండ్ర వీథిలో నీలకంఠుడు, అప్పలసూరి యను నన్నదమ్ములు ఒక్క కప్పుక్రింద రెండు మగ్గములు నేయుచుండిరి. తమ్మునికి మువ్వురు కొడుకులు. అన్నకు బెండ్లియై పదునొకండేండ్లు గడచినను సంతానము లేదు. ఆ బిడ్డలు "పెదనాన్నా" యని మగ్గపు గుంటలోనికి దూకినప్పుడెల్ల నీలకంఠుని హృదయమున నసూయ కుతకుత నుడుకుచుండెను.

భార్యయగు తవిటమ్మకు జరుగని పరీక్ష లేదు. ఆమెయందు లోపము కానరాకపోగా వైద్యురాలు కడపట నతని వీర్యమును పరీక్షింపించి యందు బీజకణ మొక్కటియు లేకుండుట గని రక్తమును జన్యుపరీక్షకు బంపెను. తండ్రినుండి కొడుకునకు సంక్రమించు వై క్రోమోజోమున నొక తునక లేదని ఫలితము వచ్చెను.

"ఇది పుట్టుకతోనే ఉందండి. మందులతో పోదు. ఎవరి తప్పూ కాదు."

"మా తమ్ముడికీ ఉంటాదా?"

"ఒక్కోసారి ఒక్కరిలోనే కొత్తగా వస్తుంది. అతనికి పిల్లలున్నారుగా, చూడక్కర్లేదు."

ఆ మాటలేవియు నతని చెవి కెక్కలేదు. తండ్రి యొక్కడైనప్పుడు లోపమును నొక్కటియే గదా, అట్లయిన తమ్ముని కొడుకులు మువ్వు రెవ్వరి బిడ్డలను విషచింత యతని నావరించెను.

త్రోవలో తవిటమ్మ యనెను. "పదకొండేళ్ళు నన్ను గొడ్డుదన్నావు. ఇప్పుడేటంతావు?"



మరునాడు తమ్మునితో "నా వైద్యానికి నీ నెత్తురు కావాలిరా" యని బొంకెను.

"దానికి అడగాలేటి, అన్నియ్యా" యని యప్పలసూరి సగము నేసిన పంచెను విడిచి బస్సెక్కెను. ఆ నెత్తురును నీలకంఠుడు జన్యుపరీక్షకే యిప్పించెను.

ఫలితము వచ్చువరకు మూడువారములు నీలకంఠుడు బిడ్డల ముక్కులను జెవులను బరికించుచు వీథిలోని ప్రతి మగవాని మొగముతో బోల్చుచుండెను. తమ్ముని నెత్తుట నే లోపమును లేదని కాగితము వచ్చెను.

ఆనాడు క్రొత్త పడుగును బాత పడుగు కొసలకు నతుకవలసియుండెను. ఆ యింట నది యన్నదమ్ములు ప్రక్కప్రక్కన గూర్చుండి చెరిసగము చేయు పని. బూడిద యద్దిన వ్రేళ్ళతో బోగులు పెనవైచుచు నప్పలసూరి యడిగెను.

"నా నెత్తురు పనికొచ్చిందా?"

"లేదు."

"అయితే మళ్ళీ తీయమను. నానేటి సచ్చిపోతానా" యని నవ్వి రెండవచేతి చొక్కా మడిచి చూపెను.

గడపకడ నిలిచి యంతయు నెరిగిన తవిటమ్మ భర్త మొగమునే చూచుచుండెనుగాని యతని కొక మాటసాయమైనను జేయలేదు. ప్రొద్దు క్రుంకునప్పటికి తమ్ముని సగము ముగిసెను. అతుకక మిగిలిన పోగులన్నియు నన్నవైపువే.