అయిదో గీత

జిమ్‌లో ఆయన్ని అందరూ ఇంకొక్కటి మాస్టారనేవారు. ఎవరు ఎన్నిసార్లు బరువెత్తినా చివర్లో ఆయన నోట వచ్చే మాట అదే. ఇరవై రెండేళ్లుగా పొద్దున అయిదింటికి షట్టర్ ఎత్తడం, చెమట వాసనలో రాత్రిదాకా నిలబడడం, వచ్చినవాళ్లందరితో అదే మాట అనడం. ఇప్పుడా మాట ఆయన అనక్కర్లేదు, దానంతటదే వచ్చేస్తోంది. రెండో కప్పు టీ వద్దన్న భార్యతో కూడా ఒకసారి అనేశాడట. డాక్టరుకి చూపించుకునేంత జబ్బేమీ లేదు. ఒట్టి అలసట. పడుకుంటే పోయే రకం కాదు.

ఈ ఏడాది ఆ అలసటకి బావ తోడయ్యాడు.

బావ అంటే అక్క మొగుడు. అగ్నిమాపక దళంలో నిచ్చెన మనిషి. మేడలంటుకున్నప్పుడు నిచ్చెనెక్కి, కిటికీలోంచి మనుషుల్ని చేతుల్లోకి అందుకుని దించడం ఆయన పని. పోయినేడు అలా ఎక్కినప్పుడే పైనుంచి దూలం ఊడి కుడి భుజం మీద పడింది. ఆపరేషనయింది. ఎముక అతుక్కుంది గానీ కండ మాట వినడం మానేసింది. నాలుగు నెలలు మనిషి గోడకేసి మొహం పెట్టి కూర్చున్నాడు. చూసి చూసి అక్క తమ్ముణ్ణి పిలిచి, ఆయన్ని నలుగురిలో పడెయ్యమని చెప్పి, మొగుణ్ణి జిమ్‌కి పంపింది.

మొదటి రోజు ఇనప బార్‌కి అన్నిటికన్నా చిన్న బరువు ప్లేట్లు రెండు తగిలించాడు మాస్టారు. బెంచి మీద వెల్లకిలా పడుకుని బావ దాన్ని ఛాతీ దాకా దించాడు. అది అక్కడే ఉండిపోయింది. బావ గింజుకోలేదు, పిలవలేదు. కప్పుకేసి చూస్తూ పడుకున్నాడంతే. ఆ చూపు మాస్టారు చూడలేకపోయాడు. బావ తల వెనకే నిలబడి ఉన్నాడేమో, చప్పుడు చేయకుండా రెండేసి వేళ్లు బార్ కింద పెట్టి లేపాడు.

"మొత్తం నీదే బావా, నేను ముట్టుకోలేదు," అన్నాడు.

బావ నవ్వాడు. నాలుగు నెలల తర్వాత. ఆ సాయంత్రం అక్క ఫోన్ చేసి, ఆయన అడిగి మరీ పెట్టించుకు తిన్నారురా అంది. ఇక నిజం చెప్పడానికి ఎవరికి ప్రాణం ఒప్పుతుంది?

నిజానికి జిమ్ముల్లో ఇది పెద్ద పాపమేమీ కాదు. బరువెత్తేవాళ్ల వెనక సాయానికి నిలబడ్డవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు వేలు కలిపినవాళ్లే. కానీ అబద్ధానికి ఆకలి ఎక్కువ. ప్లేట్లు పెరిగేకొద్దీ రెండు వేళ్లు నాలుగయ్యాయి, నాలుగూ అరచేతులయ్యాయి. మాస్టారు పాఠం మాత్రం ఎక్కడా తప్పు చెప్పలేదు. బెంచి బల్లపరుపుగా ఉంటే ఛాతీ అంతా పనిచేస్తుంది. బెంచిని తలవైపు ఎత్తితే భారం పైఛాతీకీ, భుజం ముందు కండకీ పోతుంది. చేతులు దగ్గరగా పట్టుకుంటే దండ వెనక కండ మీద పడుతుంది. అన్నీ అక్షరాలా నిజాలే. పనిచేస్తున్న కండ ఎవరిదన్నదొక్కటే దాచాడు. చివరికి జిమ్‌కి వచ్చేవాళ్లు, మాస్టారూ, ఈమధ్య మీ వీపు బాగా తేలిందే అనడం మొదలెట్టారు. వ్యాయామం బావది, కండ బావమరిదిది. ఆయన వాళ్లతోపాటు నవ్వి, ఇంటికెళ్లి నడుముకి కాపడం పెట్టుకునేవాడు.

చెప్పేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాడు. మింగలేక కక్కలేక వారం వారం వాయిదా వేశాడు. ఈలోగా బావ మళ్లీ నిచ్చెనెక్కుతానని ఆఫీసులో అర్జీ పెట్టేశాడు. కండల్ని కొలిచే చోటికి వెళ్లి కాగితం తెచ్చుకోమన్నారు వాళ్లు. నలభై కిలోలు మూడు రకాలుగా ఎత్తాలి, ఏ కండ ఎంత పనిచేస్తోందో యంత్రం చూడాలి. ఆ కాగితాన్ని బట్టే నిచ్చెన.

కొలిచే గది ఇరుకుగా, చల్లగా ఉంది. ఒక బెంచి, ఒక బల్ల, బల్ల మీద తెర. కొలతలు తీసే ఆవిడ ఆ రోజు అప్పటికే ఏడుగురిని చూసింది, మాటలు పొదుపుగా వాడుతోంది. బావ కుడివైపున పైఛాతీకి ఒకటి, కింది ఛాతీకి ఒకటి, భుజానికొకటి, దండ వెనకొకటి, తీగలున్న నాలుగు బిళ్లలు అంటించింది. తెర మీద నాలుగు గీతలు పాకాయి. కండ ఎంత గట్టిగా పనిచేస్తే గీత అంత ఎగురుతుందని చెప్పింది. వెనక మా బావమరిది ఉండాల్సిందేనన్నాడు బావ. ఉండొచ్చు గానీ ముట్టుకోకూడదందావిడ.

ముట్టుకోకూడదనే మాస్టారూ అనుకున్నాడు. దారంతా అనుకుంటూనే వచ్చాడు. బార్ ఛాతీ మీంచి జానెడు లేచి ఆగింది. ఆవిడ కళ్లు తెర మీదున్నాయి. వేళ్లు వాటి అలవాటు కొద్దీ వెళ్లిపోయాయి.

ఆవిడ నొసలు చిట్లించింది. బార్ సగంలో ఉండగానే నాలుగు గీతలూ పడిపోతున్నాయట, బార్ మాత్రం పైకి పోతోందట. బిళ్లలు ఊడాయేమోనని చర్మం తుడిచి కొత్తవి అంటించింది. మళ్లీ ఎత్తించింది. మళ్లీ అంతే. ఈసారి ఆవిడ తెర వదిలి మాస్టారు చేతులకేసి చూసింది. కసిరితే ఆయనకి బాగుండేది. ఆవిడ కసరలేదు.

"మాస్టారూ, మీకూ ఒకటి అంటిస్తాను. పై గుండీలు రెండు తీయండి."

మాస్టారు గుండీలు తీశాడు. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడి, మెడ పక్క కండ మీద చల్లటి బిళ్ల వేయించుకున్నాడు. తెర మీద అయిదో గీత వచ్చింది. మూడోసారి బార్ దిగింది, లేచింది, ఆగింది. వేళ్లు మళ్లీ వెళ్లాయి. నాలుగు గీతలు వాలాయి. అయిదోది నిటారుగా లేచింది.

బావ లేచి కూర్చుని తెరకేసి చాలాసేపు చూశాడు. అర్థం కావడానికి చదువక్కర్లేని బొమ్మ అది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"మొదటి రోజు నుంచీ."

"ఎంత?"

"సగం. తలవైపు ఎత్తినప్పుడు ఇంకా ఎక్కువ." అన్నాడు మాస్టారు. "నువ్వలా గోడకేసి కూర్చుంటే చూడలేకపోయాను బావా."

బావ అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు.

"వచ్చే నెల ఎవరో నాలుగో అంతస్తు కిటికీలోంచి ఈ చేతుల్లోకి దిగేవాళ్లురా. వీటిని నమ్మి దిగేవాళ్లు."

ఒక మనిషిని నిలబెడుతున్నానని ఇన్నాళ్లూ అనుకున్నాడు మాస్టారు. ఆ మనిషి చేతుల్లోంచి జారిపోయే ఇంకో మనిషి ఉంటాడని ఒక్కనాడూ తట్టలేదు. సిగ్గేసింది, దానికన్నా ఎక్కువ భయమేసింది.

బావ ఆవిడ వైపు తిరిగి, బార్ పడకుండా పట్టే ఇనప కమ్మీలు బెంచికి రెండు పక్కలా బిగించమన్నాడు. బావమరిదిని వెళ్లి గోడ దగ్గర నిలబడమన్నాడు. మాస్టారు వెళ్లాడు. బిళ్ల తీగ అక్కడిదాకా సాగింది, దాన్ని తీయాలని ఎవరికీ తోచలేదు.

అవే నలభై కిలోలు. వెనక ఎవరూ లేరు. బావ దించాడు. జానెడు లేపాడు. మెడ నరాలు ఉబ్బాయి, కుడి చెయ్యి గజగజలాడింది, కాళ్లు నేలని తన్నిపట్టాయి. నాలుగు గీతలూ లేచి, ఈసారి వాలకుండా వణుకుతూ నిలబడ్డాయి. అన్ని నెలల్లో ఆ కండలు ఉన్నదంతా పెట్టడం అదే మొదటిసారి. అయినా బార్ ఆ పైకి లేవలేదు. అంగుళం అంగుళం దిగి, ఖంగుమని కమ్మీల మీద ఆగింది.

బావ బార్ కింద నుంచి పక్కకి జరిగి బయటికొచ్చాడు. ఊపిరి అందడానికి కాసేపు పట్టింది.

"రాసేయండమ్మా. నిచ్చెనకి పనికిరాడని రాసేయండి," అన్నాడు. తర్వాత గోడ వైపు చూడకుండానే, "రేపు అయిదింటికి వస్తాను. ఒట్టి బార్‌తో మొదలెడదాం," అన్నాడు.

ఆవిడ కలం తీసింది గానీ రాయలేదు. తెర చూస్తోంది. నాలుగు గీతలు ఎప్పుడో నేలకి దిగాయి. అయిదోది ఇంకా పైనే ఉంది.

"మాస్టారూ," అందావిడ, మెల్లగా, "మీరు కూడా దించేయండి. బార్ ఆగి చాలాసేపయింది."

మాస్టారు తన చేతులకేసి చూసుకున్నాడు. ఖాళీ పిడికిళ్లు రెండూ బిగుసుకుని ఉన్నాయి. విప్పడానికి కాస్త సమయం పట్టింది.